ఫొటో తీస్తే మిర్చి గ్రేడు చెప్పే ఏఐ యాప్: గుంటూరు యార్డులో ఒక సీజన్ వాడాక

చదివే టైము లేనివాళ్ల కోసం రేటింగ్ ముందే చెప్పేస్తాను: అయిదుకి ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా ఏఐకి కాదు, యాప్‌లో ఉన్న ఖాతా పుస్తకానికి. టైము ఉన్నవాళ్లు, ముఖ్యంగా యార్డులో కొట్టున్నవాళ్లు కాస్త ఓపిగ్గా మొత్తం చదవండి. కొత్త కాయ దిగేలోపు ట్యాబ్ పట్టుకుని ఎవరో ఒక కుర్రాడు మీ కొట్టుకీ వస్తాడు.

మాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. తాతయ్య పెట్టింది, నాన్న నడుపుతున్నాడు, నాలుగేళ్లుగా లెక్కలూ బ్యాంకు పనులూ నేను చూస్తున్నాను. 2025 జనవరిలో ఈ యాప్ తీసుకున్నాం. తీసుకుందామన్నది నేనే, నాన్న కాదు. సీజన్‌కి 24,000 రూపాయలు, జీఎస్టీ అదనం, దాంతోపాటు ఫోన్ పెట్టుకునే స్టాండూ కాయ పరవడానికి ఒక తెల్ల అట్టా ఇచ్చారు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు. ఇదే రకం సరుకుని వేర్వేరు పేర్లతో మా వరసలోనే ముగ్గురు తీసుకున్నారు, ముగ్గురిదీ ఇంచుమించు ఇదే అనుభవం.

వాళ్లు చెప్పింది ఏమిటంటే, గుప్పెడు కాయలు అట్ట మీద పరిచి ఫొటో తీస్తే చాలు, పది సెకన్లలో రకం ఏదో, గ్రేడు డీలక్సా బెస్టా మీడియమా, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత శాతం, రంగు ఎలా ఉంది, ఈ రోజు ఈ కాయకి ఎంత రావాలి, ఇంకో పదిహేను రోజుల్లో రేటు ఎటు పోతుంది, అన్నీ చెప్పేస్తుంది. కింద ఆకుపచ్చ పట్టీలో "నమ్మకం 94 శాతం" అని వస్తుంది. ఆ పట్టీ గుర్తుపెట్టుకోండి, దాని గురించి తర్వాత చెప్పాలి.

మొదటి రెండు వారాలూ నిజంగా బాగుంది, ఉన్నమాట చెప్పాలి కదా. తేజ రకం తీస్తే తేజ అంది, 334 రకం తీస్తే 334 అంది, ముడతలు పడి ఉండే బ్యాడిగిని ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నాన్న కూడా "బాగానే చెబుతోందే అమ్మాయ్" అన్నాడు. మా గుమాస్తా బాబాయ్ మాత్రం "రకం చెప్పడానికి ఫోనెందుకమ్మా, టిక్కీ మూతి విప్పితే ఘాటుకే తెలుస్తుందిగా" అన్నాడు. టిక్కీ అంటే మిర్చి మూట. అప్పుడు ఆ మాట నాకు పాతకాలం మాటలా వినిపించింది. ముప్ఫయ్యేళ్లుగా రోజూ కాయ చూసినవాడు ఏం చెబుతున్నాడో ఆ రోజే ఆగి విని ఉంటే ఈ రివ్యూ రాయాల్సిన పని ఉండేది కాదు. ఆయన చెప్పింది ఇది: రకం తెలుసుకోవడం ఇక్కడ ఎవరికీ సమస్య కాదు. అది రైతుకి విత్తనం కొన్న రోజే తెలుసు.

సమస్య ఎక్కడొచ్చిందంటే ఫిబ్రవరి మూడో వారంలో. ప్రత్తిపాడు వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, నాన్నకి చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు, నేను పెదనాన్నా అని పిలుస్తాను. ముప్ఫయ్యెనిమిది టిక్కీల తేజ, తూకం సుమారు పదిహేడు క్వింటాళ్లు. నాన్న ఆ రోజు తెనాలిలో పెళ్లికి వెళ్లాడు, బాబాయ్ వేరే లాటు కాటా దగ్గర ఉన్నాడు. నేనే కాయ పరిచి ఫొటో తీశాను. "డీలక్స్, రావాల్సిన రేటు క్వింటాలుకి 13,200, పదిహేను రోజుల్లో 13,800" అని వచ్చింది, కింద పచ్చ పట్టీ. స్క్రీన్ ఆయనకి తిప్పి చూపించాను. కాసేపటికి ఖరీదుదారు వచ్చి నాలుగు టిక్కీల్లోంచి మచ్చు తీసి, కాయని వేళ్ల మధ్య ఒకసారి వంచి, 12,300 అన్నాడు. "కాయ మెత్తగుందండీ, ఆరబెట్టి తెస్తే చూద్దాం" అని కూడా అన్నాడు. ఆ ముక్క మా ఇద్దరికీ బేరం కోసం అంటున్న మాటలా వినిపించింది, ఎందుకంటే మా చేతిలో 13,200 అని రాసున్న ఫోను ఉంది.

పెదనాన్న నావైపు చూసి "ఏం చేద్దామంటావమ్మాయ్" అని అడిగాడు. నేను "పదిహేను రోజులు ఆగితే పెరుగుతుందంటోంది పెదనాన్నా" అన్నాను. యాప్ అంటోంది అన్నానే గాని, ఆయన నమ్మింది యాప్‌ని కాదు, నన్ను. సరుకు కోల్డ్ స్టోరేజీకి ఎక్కించాం.

పదిహేను రోజులకి రేటు పెరగలేదు, నెలకీ పెరగలేదు. మే మొదట్లో ఇక వడ్డీ మోయలేక తీయమన్నాడు. టిక్కీ విప్పితే పైన బాగానే ఉంది, మధ్యలో కాయ చీల్చి చూస్తే గింజ పసుపు పచ్చగా ఉండాల్సింది బూడిద రంగులో ఉంది, లోపలి గోడకి సన్నటి బూజు. తేమ ఉన్న కాయని మూటగట్టి చల్లటి గదిలో పెట్టాం మేము. 10,600కి పోయింది. క్వింటాలుకి 1,700 చొప్పున పదిహేడు క్వింటాళ్లకి 28,900 రూపాయలు, పైన స్టోరేజీ అద్దె, లారీ కిరాయి, ముఠా కూలి, రెండున్నర నెలల వడ్డీ. ఖరీదుదారు మెత్తగుందన్నప్పుడు రెండు రోజులు పట్టాల మీద ఎండబెట్టి ఉంటే 12,300 కచ్చితంగా వచ్చేది, ఇంకో వంద ఎక్కువే వచ్చేదేమో.

ఆ లాటుకి నాన్న కమీషన్ తీసుకోలేదు, స్టోరేజీ అద్దె మా ఖాతాలో రాశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. యాప్ కంపెనీ నుంచి వచ్చింది ఏమిటంటే, తర్వాతి సీజన్ రెన్యువల్ మీద పది శాతం తగ్గింపు కూపన్.

మే నెలాఖరుకి యార్డుకి ఎండాకాలం సెలవులు, నాకు ఖాళీ. అసలు ఇది ఎక్కడ తప్పుతోందో చూద్దామని కూర్చున్నాను. నలభై తేజ కాయలు ఏరి అదే అట్ట మీద అదే వరసలో పెట్టాను. పొద్దున పదింటికి అరుగు మీద ఎండలో తీస్తే "బెస్ట్". అక్కడే నీలం టార్పాలిన్ పట్టా నీడలో తీస్తే "మీడియం". రాత్రి కొట్లో ట్యూబులైటు కింద తీస్తే మళ్లీ "బెస్ట్", కానీ తాలు శాతం రెట్టింపు. కాయ అదే, తెల్లారేలోపు దానికేం కాలేదు, మారింది వెలుతురు ఒక్కటే. ఇంకో ఫోనుతో తీస్తే ఇంకో జవాబు. ఈ కాలం ఫోన్లు ఫొటోని తీసినట్టు ఉంచవు, రంగులు బాగా కనపడాలని ఎరుపుని ఇంకాస్త ఎరుపు చేసి పెడతాయి, పెళ్లి ఫొటోకి అది మంచిదే, మిర్చికి అదే మోసం.

తర్వాత చేసిన పని చెబితే మీకు మొత్తం అర్థమవుతుంది. అవే నలభై కాయల మీద చేత్తో నీళ్లు చిలకరించి, పావుగంట ఆగి తీశాను. "డీలక్స్" అంది. "నమ్మకం 95" అంది. తడి తగిలిన కాయ నిగనిగలాడుతుంది, ఆ నిగారింపుని అది నాణ్యత అనుకుంటోంది. ఏ తప్పుకి యార్డులో కాయ రేటు కోస్తారో, అదే తప్పుకి ఈ యాప్ మార్కులు వేస్తోంది. పెదనాన్న కాయకి జరిగింది అదే: మంచు పడ్డ రెండో కోత కాయ, సరిగ్గా ఆరలేదు, మెరిసింది.

కాయ ఎలా చూస్తారో తెలియనివాళ్లకి చెప్తాను. ముందు గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడిస్తారు. ఎండిన కాయలో గింజ గలగలమంటుంది, మెత్తటి కాయ చప్పుడు చెయ్యదు. తర్వాత ఒక కాయని బొటనవేలితో వంచుతారు. బాగా ఆరిన కాయ కాస్త వంగి టప్పున విరుగుతుంది, తేమ కాయ తోలులా చుట్టుకుంటుంది. తర్వాత పొడవునా చీల్చి గింజ రంగు చూస్తారు, వాసన చూస్తారు, కోల్డ్ స్టోరేజీలో ఉండి వచ్చిన ఏసీ కాయకి వేరే వాసన ఉంటుంది. తొడిమ ఊడిందా, పట్టి ఉందా చూస్తారు. ఆ తర్వాత, అన్నిటికంటే చివర, కాస్త దూరం జరిగి రంగు చూస్తారు. చెవి, వేలు, ముక్కు, ఆఖర్న కన్ను. ఫొటోకి అందేది ఆ ఆఖరిది ఒక్కటే, అది కూడా పై తొక్క వరకే. ఈనామ్ అనే కేంద్రం ఆన్‌లైన్ మార్కెట్ పద్ధతి వచ్చాక రేటు కంప్యూటర్లో వేస్తున్నారు నిజమే, కానీ ముందు కాయని చేత్తో పట్టుకోకుండా ఏ ఖరీదుదారూ అంకె వేయడు.

లోపలి బూజు చిన్న విషయం కాదు. మన కాయ ఎగుమతికి వెళ్లేటప్పుడు అఫ్లటాక్సిన్ పరీక్ష చేస్తారు, యూరప్ దేశాల్లో మొత్తం అఫ్లటాక్సిన్లు కిలోకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. అది బూజు నుంచి వచ్చే విషం, కంటికి కనపడదు, ల్యాబ్‌లోనే తేలుతుంది. ఇలాంటి చోట ఫొటో చూసి "ఎగుమతి నాణ్యత" అని స్టిక్కరు వేయడం ఎంత పెద్ద మాటో ఆ యాప్ రాసినవాళ్లకి తెలుసా అని నా అనుమానం.

ఇక ఆ పచ్చ పట్టీ. "నమ్మకం 94 శాతం" అంటే వందలో తొంభై నాలుగు సార్లు సరిగ్గా చెబుతుందని నేను అనుకున్నాను, మీరూ అలాగే అనుకుంటారు. అది కాదు. దానికి నేర్పిన నాలుగైదు గ్రేడుల్లో ఈ ఫొటో దేనివైపు ఎంత మొగ్గుతోందో చెప్పే అంకె అది, అంతే. ఆ గ్రేడుల బయట ఇంకేదైనా ఉండొచ్చన్న సంగతే దానికి తెలియదు. చూద్దామని కొట్లో పడున్న ఎర్ర ప్లాస్టిక్ తాడుని వేలెడు వేలెడు ముక్కలు చేసి అట్ట మీద పరిచాను. "341, మీడియం, నమ్మకం 88" అని వచ్చింది. తెలియదు అని చెప్పడం దానికి నేర్పలేదు. మా బాబాయ్ కొత్త రకం కాయ వస్తే "ఇది నేను చూడలేదండీ, నాలుగు రోజులు ఆగి చెబుతా" అంటాడు. యార్డులో మనిషికి విలువ ఆ మాట వల్లే వస్తుంది.

రేటు అంచనా గురించి ఎక్కువ రాయను. ఇది నా ఊహ అని చెప్పే రాస్తున్నాను. 2021లో నల్ల తామర పురుగు వచ్చి తోటలు పోయాయి, ఆ తర్వాత రెండేళ్లు రేట్లు ఎక్కాయి, 2023లో క్వింటాలు ఇరవై వేలు దాటిన రోజులు చూశాం. ఆ నాలుగైదేళ్ల అంకెలు పోసి నేర్పిస్తే యంత్రానికి తెలిసేది ఒక్కటే, ఫిబ్రవరి తర్వాత రేటు పెరుగుతుంది అని. పురుగు సంగతి, రైతులందరూ రేటు చూసి మళ్లీ మిర్చే వేసిన సంగతి, ఎగుమతి ఆర్డర్లు తగ్గిన సంగతి ఆ అంకెల్లో ఉండవు. 2025 ఫిబ్రవరిలో రేట్లు ఎంత పడ్డాయంటే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ వార్త టీవీలో వస్తున్న వారంలోనే మా ఫోనులో 13,800 బాణం గుర్తు పైకి చూపిస్తోంది. చుట్టుగుంటలో టీ కొట్టు దగ్గర నిలబడ్డ ఏ రైతుని అడిగినా అంతకంటే నయంగా చెప్పేవాడు.

హెల్ప్‌లైన్ సంగతి. ఫోన్ చేస్తే మనిషి ఎత్తడు, చాట్‌లో రాయాలి, అది కూడా ఏఐనే. నేను తెలుగులో "తాలు ఎక్కువ ఉన్నా డీలక్స్ అంటోంది, ఎందుకు" అని రాశాను. "మీ తాళం సమస్యకు చింతిస్తున్నాము, దయచేసి పాస్‌వర్డ్ మార్చుకోండి" అని వచ్చింది. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ తాళమే. మిర్చి యాప్‌కి తాలు అన్న మాట తెలియకపోవడం అంటే, ఆసుపత్రిలో కూర్చున్నవాడికి జ్వరం అన్న మాట తెలియకపోవడమే. తెలుగు రాత ఇంటర్నెట్‌లో తక్కువ, అందులో యార్డు మాటలు ఇంకా తక్కువ. పైగా కంప్యూటర్లో ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు సరిపోతే మన అక్షరానికీ, గుణింతం గుర్తుకీ ఒక్కోదానికి మూడేసి బైట్లు కావాలి, చాలా మోడళ్లు మన మాటని ముక్కలు ముక్కలుగా నరికి చదువుతాయి. ఇదంతా కష్టమైన పనే, కాదనను. కష్టమైతే "తెలుగు సపోర్ట్" అని బ్రోచర్ మీద పెద్దక్షరాలతో ఎందుకు వేశారు? క్లార్నా అని స్వీడన్‌లో అప్పుల కంపెనీ ఒకటుంది, మా ఏఐ ఏడు వందల మంది కస్టమర్ కేర్ మనుషుల పని చేస్తోందని 2024లో గొప్పగా చెప్పింది, 2025 వచ్చేసరికి నాణ్యత పోయిందని ఒప్పుకుని మళ్లీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టింది. అంత డబ్బున్న కంపెనీకే అలా అయితే మన తాలు సంగతి ఏం చూస్తారు.

చివరికి పది మెయిళ్లు పెడితే ఒక ఫీల్డ్ కుర్రాడు వచ్చాడు. మంచి పిల్లవాడు, ఇక్కడే ఇంజనీరింగ్ చదివాడు, రెండు సంవత్సరాలు ఉద్యోగం లేక ఇందులో చేరాడు. టీ ఇచ్చి కూర్చోబెడితే ఉన్నది చెప్పాడు. "మేడమ్, మొదటి రెండు వారాలు కొత్త కస్టమర్ ఫొటోల్ని మా ఆఫీసులో నలుగురు కూర్చుని చూసి, తప్పుంటే సరిచేసి పంపుతారు. తర్వాత కస్టమర్లు ఎక్కువైపోయి కుదరదు" అన్నాడు. మాకు మొదటి రెండు వారాలు ఎందుకు బాగుందో అప్పుడు తెలిసింది. పది సెకన్లు ఎందుకు పట్టేదో కూడా తెలిసింది, తర్వాత తర్వాత రెండు సెకన్లకే వచ్చేది. మేము 24,000 ఇచ్చింది ఆ నలుగురి కళ్లకి, వాళ్లు కూడా మిర్చి తెలిసినవాళ్లు కాదట, నెలజీతం మీద పెట్టుకున్న డేటా ఎంట్రీ పిల్లలు.

ఇది మా ఊరి మోసం అని కూడా అనలేను. అమెజాన్ తన కిరాణా దుకాణాల్లో, సరుకు తీసుకుని బిల్లు కౌంటరు లేకుండా నడిచి వెళ్లిపోయే పద్ధతి పెట్టింది, 2024లో దాన్ని ఆ పెద్ద దుకాణాల నుంచి తీసేస్తామంది. ఆ కెమెరాల వెనక మన దేశంలో వెయ్యిమంది దాకా కూర్చుని వీడియోలు చూస్తున్నారని అప్పుడే వార్తలొచ్చాయి. అమెజాన్ అది సరికాదంది, వాళ్లు చేసేది యంత్రానికి నేర్పే పని అంది. ఏదైతేనేం, మనుషులు ఉన్నారు, వాళ్ల గురించి బోర్డు మీద ఎక్కడా లేదు.

ఇదంతా ఎందుకు ఇలా జరుగుతోంది అని నేను చాలా ఆలోచించాను. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. అది మంచి పనిముట్టే, ఇంగ్లిషు మెయిళ్లు రాయడానికి నేను వాడతాను, జీఎస్టీ నోటీసు అర్థం చేసుకోవడానికి వాడాను. కానీ అది వచ్చిన మర్నాటి నుంచీ ప్రతి సరుకు మీదా ఏఐ అన్న రెండక్షరాలు అంటిస్తే రేటు పెరగడం మొదలైంది. 2025 జులైలో ఏఐని నడిపే చిప్పులు రూపొందించే ఎన్విడియా కంపెనీ విలువ నాలుగు లక్షల కోట్ల డాలర్లు దాటింది. అక్టోబర్లో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో పదిహేను వందల కోట్ల డాలర్లు పెట్టి ఏఐ హబ్ కడతానంది. రావాలి, పిల్లలకి ఉద్యోగాలు రావాలి, నేను వద్దనను. కానీ అంత డబ్బు పెట్టినవాళ్లకి అది ఎక్కడో ఒకచోట తిరిగి రావాలి కదా. వాళ్లు పెద్ద కంపెనీలకి అమ్ముతారు, వాళ్లు చిన్న స్టార్టప్‌లకి అమ్ముతారు, స్టార్టప్ కుర్రాడికి నెలకి ఇన్ని కొట్లు అని టార్గెట్ పెడతారు, ఆఖరికి ఆ ఒత్తిడి వచ్చి ఆగేది మా కొట్టు అరుగు మీద, ఆ అరుగు మీద కూర్చున్నది పదిహేడు క్వింటాళ్ల రైతు. పైన ఉన్నవాళ్లెవరికీ తేజ అంటే ఏమిటో తెలియాల్సిన అవసరం లేదు.

నాకు కోపం యంత్రం తప్పు చెప్పినందుకు కాదు. నాన్నా తప్పు చెబుతాడు, బాబాయ్ కూడా చెబుతాడు. యార్డులో రేటు చెప్పడం అంటే దానికి కట్టుబడటం. ఖరీదుదారు 12,300 అన్నాడంటే ఆ డబ్బు పెట్టి ఆ టిక్కీలు కాటా వేయించుకుని తీసుకెళ్లాలి. తప్పు చూశానని ఇంటికెళ్లాక తెలిస్తే నష్టం ఆయనది. అందుకే కాయని వంచి, చీల్చి, వాసన చూసి మరీ చెబుతాడు. మేము రైతుకి ఒక మాట చెప్పామంటే వచ్చే ఏడు ఆయన మళ్లీ మా కొట్టుకి రావాలో వద్దో ఆ మాట మీదే ఉంటుంది. ఈ యాప్ 13,200 అని చెప్పింది, దానికి ఏ బాధ్యతా లేదు. నిబంధనల్లో పదమూడో పేజీలో "ఈ సమాచారం సూచన కోసం మాత్రమే, దీని ఆధారంగా తీసుకునే నిర్ణయాలకు కంపెనీ బాధ్యత వహించదు" అని ఇంగ్లిషులో సన్నక్షరాలతో ఉంది. స్క్రీన్ మీద పెద్దక్షరాల్లో "రావాల్సిన రేటు", పదమూడో పేజీలో సూచన మాత్రమే. రావాల్సిన అన్న మాట ఎంత బరువైందో రైతుని అడగండి.

కెనడాలో ఒక కేసు జరిగింది. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి, ఇంట్లో చావు జరిగితే ఇచ్చే టికెట్ తగ్గింపుని ప్రయాణం అయ్యాక కూడా అడగొచ్చని తప్పు చెప్పింది. అతను అడిగితే కంపెనీ ఇవ్వనంది. ట్రైబ్యునల్ ముందు వాళ్లు చేసిన వాదన ఏమిటంటే, చాట్‌బాట్ చెప్పినదానికి చాట్‌బాటే బాధ్యత, అది వేరే వ్యక్తి లాంటిది, మాకు సంబంధం లేదు అని. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ ఆ వాదన కొట్టేసి, మీ వెబ్‌సైట్‌లో ఏం కనిపించినా మీదే బాధ్యత అని, ఖర్చులతో కలిపి ఎనిమిది వందల పన్నెండు కెనడా డాలర్లు కట్టించింది. చిన్న మొత్తమే, కానీ ఆ తీర్పు చదివినప్పుడు నాకు పెదనాన్న గుర్తొచ్చాడు. మా దగ్గర ఆ మాట అడిగే ట్రైబ్యునల్ ఎక్కడుంది?

యంత్రాలంటే పడనివాళ్లం అనుకోకండి. మన చుట్టుపక్కల బియ్యం మిల్లుల్లో సార్టెక్స్ మెషిన్లు ఎన్నేళ్లుగా ఉన్నాయి? బియ్యం జారుతుంటే కెమెరా చూస్తుంది, నల్ల గింజ కనపడగానే గాలి ఊది పక్కకి నెట్టేస్తుంది, కంటికి అందని వేగం. సార్టెక్స్ బియ్యం అని సంచి మీద రాసి అమ్ముతారు, జనం అడిగి కొంటారు. అది ఎందుకు పనిచేస్తుంది? లైటు ఎప్పుడూ ఒకటే, కెమెరా ఒకటే, గింజ ఒక వరసలో వస్తుంది, అడిగేది ఒకే ప్రశ్న, రంగు తేడా ఉందా లేదా. మెషిన్ పాడైతే బాగుచేసే మనిషి వస్తాడు. బియ్యం ఎంతకి అమ్మాలో అది చెప్పదు. ఈ యాప్ వాళ్లు కూడా ఒక చీకటి పెట్టె, ఒకే లైటు, తేమ కొలిచే పరికరం కలిపి, "తాలు శాతం మాత్రమే చెబుతాం, మిగతాది మీరు చూసుకోండి" అని అమ్మి ఉంటే నేను అయిదుకి నాలుగు ఇచ్చేదాన్ని. చేతనైన పని ఒకటి ఉంది దానికి. చేతకాని నాలుగు పనులు కలిపి అమ్మారు.

బాగున్నవి కూడా చెప్పాలి. ఖాతా పుస్తకం బాగుంది, రైతువారీగా టిక్కీలు, అడ్వాన్సు, కూలి, కాటా బరువు అన్నీ తెలుగులో రాసుకోవచ్చు, చీటీ ఫోనుకి పంపొచ్చు. లాటు వచ్చినప్పుడు ఫొటో తేదీతో ఉండిపోతుంది, తర్వాత "నా కాయ ఇది కాదు" అన్న గొడవలొస్తే పనికొచ్చింది, రెండుసార్లు వచ్చింది. ఈ రెండు పనులకీ ఏఐ అక్కర్లేదు, నెలకి రెండు మూడు వందలు పెడితే దొరుకుతాయి.

జూన్‌లో నేను బ్రాడీపేటలో ఒక తేమ మీటరు కొన్నాను, రెండు సూదులుండే రకం, కాయల మధ్య గుచ్చితే అంకె చూపిస్తుంది. పది, పదకొండు ఉంటే స్టోరేజీకి పంపొచ్చు, పన్నెండు దాటితే ముందు ఆరబెట్టమంటాం. బాబాయ్ దాన్ని మూడు రోజులు తన వేలితో పోల్చి చూసుకుని, ఒక పాయింటు ఎక్కువ చూపిస్తోందని కనిపెట్టి, దాని మీద బాల్ పెన్నుతో "1 తగ్గించి చదవాలి" అని కాగితం అంటించాడు. యాప్ కంటే చాలా తక్కువకి వచ్చింది, ఎక్కడ తప్పు చెబుతుందో మాకు తెలుసు.

ఎవరైనా ఈ రకం యాప్ తీసుకునేవాళ్లు డబ్బు కట్టేముందు ఆ కుర్రాణ్ని మీ కొట్లోనే కూర్చోబెట్టి, మీ కాయతోనే, ఎండలో ఒకసారి పట్టా కింద ఒకసారి తీయించండి. నీళ్లు చిలకరించి తీయించండి. తాడు ముక్కలు పెట్టండి. ఎన్ని తేజ ఫొటోలతో నేర్పించారు, ఏ ఊరి కాయ, గ్రేడు వేసి ఇచ్చింది ఎవరు అని అడగండి. తప్పైతే తేడా డబ్బు ఎవరు కడతారో కాగితం మీద రాసివ్వమనండి. నేను రెన్యువల్ కోసం ఫోన్ చేసినవాళ్లని ఈ ఆఖరి మాటే అడిగాను, మేనేజరుతో మాట్లాడి చెబుతామన్నారు, నెలన్నర అయింది.

పెదనాన్న పోయిన వారం కొట్టుకి వచ్చాడు. ఈ ఏడు మిర్చి రెండెకరాలు తగ్గించి మొక్కజొన్న వేశాడట. మొదటి కోత జనవరి రెండో వారంలో వస్తుందన్నాడు. ఈసారి కాయ దింపకముందే ఒక సంచిలో మచ్చు పంపమన్నాను, మీటరు పెట్టి, బాబాయ్ చేత చూపించి, ఆరాలా వద్దా ఇక్కణ్నుంచే ఫోన్ చేసి చెబుతానన్నాను. సరేనన్నాడు. యార్డులో ఎవరైనా తేమ కూడా కలిపి చూసే యాప్ వాడుతుంటే చెప్పండి, మా కొట్టుకి తీసుకురండి, రెండు టిక్కీలు పక్కపక్కన విప్పి పెట్టి చూద్దాం.